కరవు పీఠభూమిలో పెద్ద చేపల చెరువులకు వాయుప్రసరణ వ్యవస్థ ఎంపిక: పుట్టపర్తి పరిసరాలకు వర్తించే లెక్కలు, సూచనలు

ఉపోద్ఘాతం

శ్రీ సత్యసాయి జిల్లా కేంద్రమైన పుట్టపర్తి చిత్రావతి ఒడ్డున, సముద్ర మట్టానికి సుమారు 475 మీటర్ల ఎత్తున ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం అనంతపురం జిల్లాలో భాగం. ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఆవిరి రూపంలో పోయే నీరు దానికి రెండు రెట్లకు తగ్గదు. ఇంతటి మెట్ట ప్రాంతంలోనూ బుక్కపట్నం, ధర్మవరం చెరువుల వంటి పెద్ద జలాశయాలు చిత్రావతి వెంట ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నుండి హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు రావడంతో చెరువులను నింపుకొనే అవకాశం కొంత పెరిగింది. నీటితోపాటు చేపల పెంపకంపై ఆసక్తి కూడా పెరిగింది. చెరువులను పాడుకొనే మత్స్యకారుల సహకార సంఘాలు, సొంత భూమిలో చెరువులు తవ్వుకొనే రైతులు ఇప్పుడు ఏరేటర్ల గురించి విస్తరణ శాస్త్రవేత్తలను అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానం కోస్తా జిల్లాల రొయ్యల చెరువుల నుండి వచ్చినదే. చెరువు ఎన్ని ఎకరాలో అడిగి, ఎకరాకు ఇన్ని యంత్రాలని లెక్క కట్టి చెప్పడం పరిపాటి. కోస్తాలో నీరు ఏడాది పొడవునా నిలకడగా ఉంటుంది, చెరువు గట్టు వరకు విద్యుత్తు ఉంటుంది, పంట విలువ కూడా అధికం. పీఠభూమిలో ఈ మూడూ ఒకేచోట సమకూరడం అరుదు. కనుక ఇక్కడ యంత్రాన్ని ఎంచుకొనే ముందు మూడు ప్రశ్నలకు సమాధానం కావాలి. తెల్లవారుజామున ఆ నీటిలో ఎంత ప్రాణవాయువు లోటు పడుతుంది? ఏప్రిల్ నెలలో ఆ చెరువులో ఎంత నీరు మిగులుతుంది? రాత్రి రెండు, మూడు గంటల వేళ యంత్రాన్ని నడపడానికి శక్తి ఎక్కడి నుండి వస్తుంది? ఎన్ని అశ్వశక్తులు అన్న ప్రశ్న వీటి తరువాతనే వస్తుంది. కొన్ని చెరువులకు ఈ లెక్కల ఫలితం యంత్రాలు కొనడం కాదు, చేపల సంఖ్యను తగ్గించడం అని తేలుతుంది.

చెరువులో ప్రాణవాయువు జమా ఖర్చులు

పగటి పూట నీటిలోని వృక్ష ప్లవకాలు సూర్యరశ్మితో ప్రాణవాయువును ఉత్పత్తి చేస్తాయి. సూర్యాస్తమయంతో ఆ జమ ఆగిపోతుంది. ఖర్చు మాత్రం రాత్రంతా సాగుతుంది. అందువల్ల సాయంత్రం గరిష్ఠంగా ఉన్న ప్రాణవాయువు సూర్యోదయానికి ముందు కనిష్ఠ స్థాయికి చేరుతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి చేపలు లీటరుకు 5 మి.గ్రా. పైన ఉన్నప్పుడు మేత బాగా తిని పెరుగుతాయి. 3 మి.గ్రా. కంటే తగ్గితే మేత మందగించి, వ్యాధులకు సులువుగా లోనవుతాయి. 1 మి.గ్రా. కంటే తక్కువ స్థితి గంటల తరబడి కొనసాగితే సామూహిక మరణాలు సంభవిస్తాయి. వేకువన చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడాన్ని రైతులు ‘చేపలు తేలడం’ అంటారు. ఆ దృశ్యం కనిపించే సరికే ప్రమాదం చాలా దూరం వచ్చి ఉంటుంది.

ఈ ఖర్చులో సింహభాగం చేపలది కాదన్నది విద్యార్థులు ముందుగా గ్రహించవలసిన విషయం. కిలో చేప గంటకు సుమారు 250 మి.గ్రా. ప్రాణవాయువును వాడుకొంటుందని లెక్కకు తీసుకోవచ్చు. ఎరువులు, మేతతో పచ్చబడిన నీటిలో ప్లవకాలు, సూక్ష్మజీవులు కలిసి ప్రతి లీటరులో గంటకు 0.1 నుండి 0.5 మి.గ్రా. వరకు ఖర్చు చేస్తాయి. అడుగు బురద వాటా దీనికి అదనం. అంటే వాయుప్రసరణ యంత్రం ప్రధానంగా ఆ పచ్చటి నీటికి ఊపిరి పోస్తుంది. కిలో మేత నీటిలో చేరితే చివరికి సుమారు కిలో లేదా అంతకు కొంచెం ఎక్కువ ప్రాణవాయువు అవసరమవుతుంది. కనుక వేరుశనగ చెక్క, తవుడు బస్తాల లెక్కే ప్రాణవాయువు లెక్కకు మొదటి సూచిక. వాయుప్రసరణ లేని చెరువులో హెక్టారుకు రోజుకు 30 నుండి 40 కిలోలకు మించి మేత వేయడం క్షేమకరం కాదు.

పీఠభూమి ప్రత్యేకతలు

ఎత్తు పెరిగే కొద్దీ వాతావరణ పీడనం తగ్గి, నీటిలో కరగగల ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సముద్రతీరంలో లీటరుకు సుమారు 7.5 మి.గ్రా. కరిగితే, పుట్టపర్తి ఎత్తులో అది 7.1 మి.గ్రా. మాత్రమే. తేడా ఐదు శాతమే అయినా, యంత్రం పనితనం ఈ గరిష్ఠ స్థాయికీ నీటిలో ఉన్న స్థాయికీ మధ్య గల అంతరంపై ఆధారపడుతుంది కాబట్టి దానిని విస్మరించరాదు.

గాలి ఈ ప్రాంతపు సహజ ఏరేటర్. నైరుతి రుతుపవన కాలంలో ఈ పీఠభూమిపై వీచే గాలుల బలానికి రామగిరి కొండలపై నిలిచిన గాలిమరలే నిదర్శనం. జూన్ నుండి ఆగస్టు వరకు విశాలమైన చెరువులలో అలల వల్ల రాత్రి కూడా కొంత ప్రాణవాయువు చేరుతుంది. ఈ మేలు పొందాలంటే గాలి వచ్చే పడమటి, నైరుతి గట్లపై ఎత్తైన చెట్లను దట్టంగా పెంచకూడదు. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో పరిస్థితి తారుమారవుతుంది. వర్షాలు ఎక్కువగా పడేది అప్పుడే, చెరువులు నిండేదీ అప్పుడే. ముసురు పట్టి, గాలి నిలిచిపోయిన రోజులలో ప్లవకాలు చాలినంత ప్రాణవాయువును తయారు చేయలేవు. వరదతో వచ్చే ఎర్రమట్టి నీటిని మసకబార్చి వెలుతురును ఇంకా తగ్గిస్తుంది. వరుసగా రెండు, మూడు రోజులు మబ్బు పడితే మూడవ రాత్రి అత్యంత ప్రమాదకరం.

రెండవ గండం వేసవిది. ఏప్రిల్‌లో రోజుకు 7.5 మి.మీ. చొప్పున ఆవిరైతే నాలుగు హెక్టార్ల చెరువు నుండి దినానికి 300 ఘనపు మీటర్లు, అంటే మూడు లక్షల లీటర్లు పోతాయి. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న ఎర్రనేలల్లో ఊట నష్టం దీనికి అదనం. నీరు తగ్గుతున్నా చేపల బరువు తగ్గదు, పైగా పెరుగుతూ ఉంటుంది. ఆయకట్టుకు నీరు వదిలే చెరువులలో ఈ కుదింపు మరింత వేగంగా జరుగుతుంది. కనుక యంత్రాల అవసరాన్ని చెరువు నిండుగా ఉన్న నవంబరు కొలతలతో నిర్ణయించడం పొరపాటు.

వాయుప్రసరణ యంత్రాల రకాలు

అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బాయ్డ్, సహచరులు 1980లలో చేపల చెరువుల ఏరేటర్లను ప్రామాణిక పరిస్థితులలో పరీక్షించారు. 20 డిగ్రీల వద్ద, ప్రాణవాయువు ఏమాత్రం లేని శుభ్రమైన నీటిలో ఒక యూనిట్ విద్యుత్తుతో యంత్రం ఎన్ని కిలోల ప్రాణవాయువును కరిగించగలదన్నది ఈ పరీక్షల కొలమానం. ఏ యంత్రాన్ని ఏ యంత్రంతో పోల్చాలన్నా ఇదే సరైన ప్రాతిపదిక. నీరు ఎంత ఎత్తుకు ఎగసింది, నురుగు ఎంత వచ్చింది అన్నవి కంటికి ఇంపైన గుర్తులే కాని కొలతలు కావు.

పట్టిక: రకాల వారీగా సగటు సామర్థ్యం (యూనిట్ విద్యుత్తుకు కిలోల ప్రాణవాయువు)

| యంత్రం | ప్రామాణిక సామర్థ్యం | చెరువులో లభించేది* |
|---|---|---|
| రెక్కల చక్రం (ప్యాడిల్ వీల్) | 2.2 | 1.19 |
| ప్రొపెల్లర్ ఆస్పిరేటర్ | 1.6 | 0.86 |
| నిలువు పంపు | 1.4 | 0.76 |
| నీటిని చిమ్మే పంపు | 1.3 | 0.70 |
| అడుగు నుండి గాలి బుడగలు (డిఫ్యూజర్) | 0.9 | 0.49 |

*పుట్టపర్తి ఎత్తు, 28 డిగ్రీల నీరు, లీటరుకు 3 మి.గ్రా. ప్రాణవాయువు ఉన్న స్థితికి సవరించిన విలువ.

మూడవ నిలువు వరుసలోని సవరణను విద్యార్థులు స్వయంగా చేసి చూడాలి. 28 డిగ్రీల వద్ద ఈ ఎత్తులో నీటి సంతృప్త స్థాయి 7.4 మి.గ్రా. అందులో నుండి 3 తీసివేసి, ప్రామాణిక సంతృప్త స్థాయి అయిన 9.1తో భాగిస్తే 0.48 వస్తుంది. ఉష్ణోగ్రత సవరణగా 1.21తో, చెరువు నీటి మలినాల సవరణగా 0.92తో గుణిస్తే 0.54 అవుతుంది. అంటే యంత్రం తన ప్రామాణిక సామర్థ్యంలో సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే చెరువులో చూపగలదు. ప్రాణవాయువు 6 మి.గ్రా. ఉన్నప్పుడు ఇదే యంత్రాన్ని నడిపితే ఈ గుణకం 0.17కు పడిపోతుంది. ఆవశ్యకత లేని వేళ నడిపిన యంత్రం విద్యుత్తును ఖర్చు చేస్తుందే గాని మేలు చేయదు. మధ్యాహ్నం నీరు సంతృప్త స్థాయిని మించి ఉన్నప్పుడు నడిపితే ఉన్న ప్రాణవాయువు కొంత గాలిలోకి పోతుంది కూడా.

సామర్థ్యంలో రెక్కల చక్రం ముందున్నా, అది ప్రతి చెరువుకూ తగినది కాదు. నీటి లోతు మీటరు కంటే తగ్గినప్పుడు దాని ప్రవాహం అడుగు ఎర్రమట్టిని లేపుతుంది. నీటిని చిమ్మడం వల్ల ఆవిరి నష్టం కొంత పెరుగుతుంది. చిన్న ప్లాస్టిక్ రెక్కల నమూనాలలో సామర్థ్యం పట్టికలోని సగటు కంటే తక్కువగా ఉంటుంది కనుక తయారీదారు నుండి పరీక్షా విలువను అడిగి తీసుకోవాలి. డిఫ్యూజర్ల సామర్థ్యం లోతుతోపాటు పెరుగుతుంది. మీటరున్నర లోతు చెరువులో వెనుకబడిన ఈ విధానం మూడు, నాలుగు మీటర్ల లోతున్న కుంటలలో మెరుగుపడి, అడుగు నీటిని పైనీటితో కలిపే పనిని కూడా నెరవేరుస్తుంది. అయితే ఈ ప్రాంతపు బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువగా ఉన్నచోట సున్నపు పొర సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. తరచుగా తీసి శుభ్రం చేయగలిగిన వారికే డిఫ్యూజర్లు తగును. నీటిని చిమ్మే పంపు సామర్థ్యం తక్కువే అయినా, ఆయిల్ ఇంజను ఇప్పటికే రైతు వద్ద ఉంటుంది. ఏడాదికి నాలుగైదు రాత్రులు మాత్రమే అక్కరపడే చోట కొత్త యంత్రం కంటే అదే లాభదాయకం.

నమూనా లెక్క: నాలుగు హెక్టార్ల చెరువు

సగటు లోతు 1.5 మీటర్లు ఉన్న నాలుగు హెక్టార్ల చెరువును ఉదాహరణగా తీసుకొందాం. నీటి పరిమాణం 60,000 ఘనపు మీటర్లు. హెక్టారుకు మూడు టన్నుల చొప్పున 12 టన్నుల చేప ఉన్నదనుకొంటే, గంటకు ప్రాణవాయువు ఖర్చు ఇలా ఉంటుంది.

చేపలు: 12,000 కిలోలు × 0.25 గ్రా. = 3 కిలోలు.
నీటిలోని జీవరాశి: లీటరుకు 0.25 మి.గ్రా. చొప్పున = 15 కిలోలు.
అడుగు బురద: చదరపు మీటరుకు 0.05 గ్రా. చొప్పున = 2 కిలోలు.
మొత్తం = గంటకు 20 కిలోలు.

సాయంత్రం 7 నుండి ఉదయం 6 వరకు 11 గంటలకు 220 కిలోలు ఖర్చవుతాయి. గాలి ద్వారా జరిగే మార్పిడిని ఈ లెక్కలో వదిలివేయడమైనది. ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం లీటరుకు 7 మి.గ్రా. ఉంటే చెరువులో నిల్వ 420 కిలోలు. తెల్లవారేసరికి 200 కిలోలు, అంటే లీటరుకు 3.3 మి.గ్రా. మిగులుతుంది. యంత్రం లేకుండానే ఆ రాత్రి గడుస్తుంది. ముసురు పట్టిన రోజు సాయంత్రం 5 మి.గ్రా. మాత్రమే ఉంటే నిల్వ 300 కిలోలు. తెల్లవారేసరికి మిగిలేది 80 కిలోలు, అంటే 1.3 మి.గ్రా. చేపలు తేలేది ఆ వేకువననే. రాత్రి ఒంటి గంటకు నీరు 3 మి.గ్రా. స్థాయికి దిగుతుంది. అప్పటి నుండి ఉదయం 6 వరకు ఐదు గంటలపాటు గంటకు 20 కిలోల చొప్పున అందించగలిగితే ఆ స్థాయి నిలుస్తుంది.

పట్టికలోని విలువల ప్రకారం ఈ 20 కిలోలకు రెక్కల చక్రాలైతే 16.8 కిలోవాట్లు, అంటే సుమారు 22 నుండి 23 అశ్వశక్తులు కావాలి. పరీక్షా విలువ 1.5 మాత్రమే ఉన్న చిన్న నమూనాలకు 33 అశ్వశక్తులు అవసరం. ఆస్పిరేటర్లకు 31, డిఫ్యూజర్లకు 55 అశ్వశక్తులు. అటువంటి ఒక రాత్రికి రెక్కల చక్రాలు 84 యూనిట్లు ఖర్చు చేస్తే, ఇంత తక్కువ లోతులో డిఫ్యూజర్లు 206 యూనిట్లు ఖర్చు చేస్తాయి. కొనుగోలు ధరలోని తేడా కంటే ఈ తేడా దీర్ఘకాలంలో బరువైనది.

ఇదే చెరువు ఏప్రిల్‌లో 0.9 మీటరు లోతుకు తగ్గిందనుకొందాం. విస్తీర్ణం మారలేదనుకొన్నా నీరు 36,000 ఘనపు మీటర్లకు పడిపోతుంది. గంట ఖర్చు 14 కిలోలకు తగ్గినా, నిల్వ అంతకంటే ఎక్కువ తగ్గింది. ఎండ కాసిన రోజు సాయంత్రం 7 మి.గ్రా. ఉన్నా తెల్లవారేసరికి 2.7 మి.గ్రా. మాత్రమే మిగులుతుంది. సాయంత్రం 5 మి.గ్రా. ఉన్న రోజైతే 0.7 మి.గ్రా.కు చేరుతుంది. అంటే నవంబరులో ముసురు రాత్రులకే పరిమితమైన యంత్రం అవసరం ఏప్రిల్‌లో ప్రతి రాత్రికీ విస్తరిస్తుంది. చేపలను మార్చి నెలలోపు విడతలుగా పట్టి అమ్మగలిగిన రైతుకు తక్కువ యంత్రాలు చాలు. వేసవి చివరి వరకు నిలపదలచిన రైతు యంత్రాలకూ నీటికీ రెండింటికీ సిద్ధపడాలి.

చేపలను సగానికి తగ్గిస్తే ఏమవుతుంది? నేరుగా మిగిలేది గంటకు 1.5 కిలోలు మాత్రమే. అసలు లాభం మేతలో ఉంది. 12 టన్నుల చేపకు బరువులో రెండు శాతం మేత వేస్తే రోజుకు 240 కిలోలు, అంటే హెక్టారుకు 60 కిలోలు. ఇది యంత్రం లేని చెరువు పరిమితిని దాటింది. చేపలు సగమైతే మేత హెక్టారుకు 30 కిలోలకు దిగి పరిమితిలోకి వస్తుంది. కొద్దికాలంలో నీటి పచ్చదనం తగ్గి, 15 కిలోల ఖర్చు కూడా తగ్గుముఖం పడుతుంది.

వంద హెక్టార్ల చెరువు: ఆశ్రయ స్థలం పద్ధతి

సహకార సంఘాలు పాడుకొనే పెద్ద చెరువులకు పై విధానం వర్తించదు. వంద హెక్టార్ల విస్తీర్ణం, సగటున రెండు మీటర్ల లోతు, హెక్టారుకు 300 కిలోల చేప ఉన్న చెరువును పరిశీలిద్దాం. 30 టన్నుల చేపకు గంటకు కావలసింది 7.5 కిలోలు. లీటరుకు గంటకు 0.15 మి.గ్రా. చొప్పున నీటి ఖర్చు 300 కిలోలు. బురద ఖర్చు 50 కిలోలు. మొత్తం దాదాపు 357 కిలోలను యంత్రాలతో అందించాలంటే 300 కిలోవాట్లు, అంటే 400 అశ్వశక్తులు కావాలి. అందులో చేపల వాటా రెండు శాతమే. ఇంతటి చెరువు మొత్తానికి గాలి అందించే ప్రయత్నం ఆర్థికంగా అసాధ్యం, అవసరం కూడా కాదు.

ఇక్కడ చేయదగినది తూము సమీపంలోని లోతైన భాగంలో ఒక హెక్టారు మేర ఆశ్రయ స్థలాన్ని ఏర్పరచడం. ఆ 20,000 ఘనపు మీటర్ల నీటికి 3 కిలోలు, బురదకు అర కిలో, అక్కడికి చేరే పది టన్నుల చేపకు 2.5 కిలోలు, మొత్తం గంటకు 6 కిలోలు. చుట్టూ ఉన్న నీటితో కలియడం వల్ల జరిగే నష్టానికి దీనిని రెట్టింపు చేసినా 12 కిలోలు. పది కిలోవాట్లు, అంటే సుమారు 14 అశ్వశక్తుల రెక్కల చక్రం దీనికి సరిపోతుంది. ఆపద సమయంలో చేపలు ప్రాణవాయువు ఉన్న వైపుకు చేరుకొంటాయి. అయితే చెరువు ఆవలి అంచున ఉన్నవన్నీ చేరలేవు. అందువల్ల యంత్రాన్ని ఎల్లప్పుడూ ఒకే చోట ఉంచి, మేతను కూడా ఆ సమీపంలోనే వేసి, చేపలకు ఆ తావును అలవాటు చేయాలి. నీరు పూర్తిగా క్షీణించిన తరువాత తూము వద్ద యంత్రం పెట్టడం కంటే, ముందే పెట్టి అలవాటు చేయడం మేలు. ఆ తరువాతి మడుగు దశలో కూడా యంత్రం చేపలను కొన్ని వారాలు మాత్రమే కాపాడుతుంది. ఆ వారాలను పట్టుబడికీ అమ్మకానికీ వినియోగించుకోవాలి.

సంఘానికి ఇది చిన్న విషయం కాదు. పాట సొమ్ము, పిల్లల ఖర్చు ముందే చెల్లించి ఉంటారు. ఒక్క వేకువలో చేపలు చనిపోతే ఏడాది ఆదాయం పోతుంది. అందువల్లనే పిల్లలను వదిలేటప్పుడే చెరువు ఎంతవరకు నిలుస్తుందో అంచనా వేసి సంఖ్యను నిర్ణయించాలి.

రాత్రి వేళ శక్తి వనరులు

యంత్రం అవసరమయ్యేది అర్ధరాత్రి నుండి సూర్యోదయం వరకు. వ్యవసాయ పంపుసెట్లకు పగటిపూట ఇచ్చే తొమ్మిది గంటల సరఫరా ఈ పనికి ఉపకరించదు. చేపల చెరువుకు ప్రత్యేక సర్వీసు, రాత్రంతా త్రీఫేజ్ సరఫరా ఉన్నదో లేదో యంత్రం కొనడానికి ముందే నిర్ధారించుకోవాలి. సరఫరా ఉన్నా అంతరాయం తప్పదు. అంతరాయం కలిగిన రాత్రి యంత్రంపై ఆధారపడి పెంచిన అధిక సాంద్రత చేపలు, యంత్రమే లేని చెరువులోని చేపల కంటే ముందుగా చనిపోతాయి. అందుకని జనరేటర్ లేకుండా సాంద్రత పెంచరాదు.

ఈ ప్రాంతంలో ఎండ సమృద్ధి. అందువల్ల సౌర ఏరేటర్లపై ఆశ సహజమే. కాని ఎండ ఉన్న వేళ ప్లవకాలే ప్రాణవాయువును తయారు చేస్తాయి. నమూనా చెరువుకు ఒక రాత్రికి కావలసిన 84 యూనిట్లను బ్యాటరీలలో నిల్వ చేయడం అధిక వ్యయంతో కూడిన పని. పైగా ముసురు రోజున, సరిగ్గా అవసరమైనప్పుడే, పలకలు చాలినంత శక్తిని ఇవ్వవు. సౌరశక్తికి తగిన పని వేరే ఉంది. రెండు మీటర్లకు మించి లోతున్న చెరువులలో మధ్యాహ్నం 12 నుండి 3 వరకు ఒకటి రెండు అశ్వశక్తుల పంపుతో పైనీటిని అడుగుకు చేర్చితే, అధికంగా ఉన్న ప్రాణవాయువు వృథా కాకుండా అడుగు పొరలో నిల్వ అవుతుంది. హఠాత్తుగా వచ్చే గాలివానకు అడుగు నీరు తిరగబడే ప్రమాదం కూడా తగ్గుతుంది.

విద్యుత్తు తీగలు చేరని చెరువు కట్టకు ట్రాక్టరు చేరగలదు. ట్రాక్టరు పీటీఓతో నడిచే రెక్కల చక్రాన్ని అమెరికాలో క్యాట్‌ఫిష్ రైతులు అత్యవసర సాధనంగా వాడారు. ఊరికి ఇటువంటిది ఒకటి ఉంటే చుట్టుపక్కల నాలుగైదు చెరువులకు వంతుల మీద ఉపకరిస్తుంది. పైన చెప్పిన ఆశ్రయ స్థలానికి ఇది అత్యంత అనుకూలం.

బోరు నీరు, మందులు: రెండు అపోహలు

చేపలు తేలినప్పుడు బోరు నీటిని వదలడం రైతులలో సాధారణ అలవాటు. లోతైన బోర్ల నుండి వచ్చే నీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటుంది. గొట్టాన్ని నేరుగా నీటిలో ముంచితే మేలుకు బదులు కీడు జరగవచ్చు. అదే నీటిని రంధ్రాల రేకుల మీదుగా, మెట్లు మెట్లుగా మీటరు ఎత్తు నుండి జారవిడిస్తే ప్రాణవాయువును సంతరించుకొంటుంది. కాలువ నీరు చేరే చోట కూడా ఇటువంటి రాతి మెట్లను నిర్మించుకోవచ్చు. దీనికి అదనపు విద్యుత్తు అక్కరలేదు.

ప్రాణవాయువు మాత్రల సంగతి కూడా లెక్కతోనే తేలుతుంది. వీటిలో వాడే సోడియం పెర్‌కార్బొనేట్ తన బరువులో సుమారు 15 శాతం ప్రాణవాయువును విడుదల చేస్తుంది. నమూనా చెరువులో లీటరుకు ఒక్క మి.గ్రా. పెంచాలంటే 60 కిలోల ప్రాణవాయువు, అంటే దాదాపు 400 కిలోల మందు కావాలి. రవాణా తొట్లకు, చిన్న మడుగులకు పనికివచ్చే ఈ మందు పెద్ద చెరువును కాపాడలేదు.

కొలత, అమరిక, నిర్వహణ

ఏ రాత్రి యంత్రం నడపాలో ముందే తెలుసుకొనే సులభ పద్ధతి ఒకటుంది. సాయంత్రం 7 గంటలకు ఒకసారి, రాత్రి 10 గంటలకు మరొకసారి ప్రాణవాయువును కొలవాలి. ఉదాహరణకు మొదటిది 7.2, రెండవది 5.7 మి.గ్రా. అయితే గంటకు 0.5 చొప్పున తగ్గుతున్నట్లు లెక్క. ఉదయం 6కు అది 1.7 మి.గ్రా.కు చేరుతుంది. 3 మి.గ్రా. స్థాయిని తాకేది సుమారు 3 గంటల 25 నిమిషాలకు. కనుక మూడు గంటలకు యంత్రం ప్రారంభించాలి. గ్రాఫు కాగితంపై రెండు బిందువులను కలిపే గీతతో రైతులకు దీనిని అర్ధగంటలో నేర్పవచ్చు. కొలిచే మీటరు సంఘానికి ఒకటి చాలు. యంత్రాల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే దాని వెల స్వల్పం.

పీఠభూమి చెరువులలో నీటిమట్టం నెలనెలా మారుతుంది కనుక గుంజలకు బిగించే వాటి కంటే తేలే యంత్రాలే తగినవి. రెక్కలు నీటిలో సుమారు 10 సెం.మీ. మునిగేలా అమర్చాలి. అంతకంటే లోతుగా మునిగితే మోటారుపై భారం పెరుగుతుంది. అంచు వెనక్కి జరిగే కొద్దీ యంత్రాన్ని లోతుకు జరపడానికి వీలుగా తీగ పొడవు ఉంచుకోవాలి. తీగలకు అతుకులు లేకుండా, ఎర్తింగ్‌తో పాటు లీకేజీని పసిగట్టి సరఫరాను ఆపే స్విచ్‌ను తప్పనిసరిగా అమర్చాలి. వల దింపే ముందు సరఫరాను పూర్తిగా ఆపాలి.

చెరువు నీటిని వేరుశనగ, మల్బరీ తోటలకు తోడే రైతులు అడుగు నీటిని తోడడం మంచిది. పోషకాలు పొలానికి చేరుతాయి, అడుగున పేరుకొనే ప్రాణవాయువు భారం తగ్గుతుంది. బిందు సేద్యానికి వాడేటప్పుడు పాచి, మట్టి గొట్టాలను మూసివేయకుండా ఇసుక వడపోత అవసరం.

ఎంపిక క్రమం

విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు సలహా ఇచ్చేటప్పుడు ఈ క్రమాన్ని అనుసరించడం సముచితం.

1. నిండు చెరువు పరిమాణాన్నీ, ఏప్రిల్‌లో మిగిలే పరిమాణాన్నీ వేరువేరుగా రాయాలి.
2. రోజువారీ మేత హెక్టారుకు 30 నుండి 40 కిలోల లోపు ఉంటే శాశ్వత యంత్రాలను సిఫారసు చేయరాదు. అత్యవసర సాధనం చాలు.
3. మేత అంతకు మించితే కనీసం వారంపాటు, మబ్బు రోజులతో సహా, రాత్రి కొలతలు తీసి లోటును కిలోలలో లెక్కించాలి.
4. ఆ లోటును యంత్రపు క్షేత్ర సామర్థ్యంతో భాగించి కిలోవాట్లను నిర్ణయించాలి. రొయ్యల చెరువులలో అశ్వశక్తికి సుమారు 400 నుండి 500 కిలోల పంట అనే లెక్కను ఇక్కడ వాడరాదు.
5. లోతు ఒకటి నుండి రెండు మీటర్లు అయితే రెక్కల చక్రం, మూడు మీటర్లు దాటితే డిఫ్యూజర్, విద్యుత్తు లేని పెద్ద చెరువుకు ట్రాక్టరుతో నడిచే చక్రం, ఆశ్రయ స్థలం సూచించాలి.
6. రాత్రి సరఫరా, జనరేటర్ లేని చోట చేపల సాంద్రతను తగ్గించాలి, లేదా గాలిని నేరుగా పీల్చుకోగల కొర్రమేను వంటి రకాలను పరిశీలించాలి.
7. ముసురు రోజులలో మేత, ఎరువులు నిలిపివేయమని ముందే చెప్పాలి. ఖర్చు లేని మొదటి రక్షణ అదే.

ముగింపు

కరవు పీఠభూమిలో చేపల రైతుకు అసలు పెట్టుబడి నీరు. ఆ నీరు ఎన్నాళ్లు, ఎంత లోతున నిలుస్తుందన్న అంచనాపైనే చేపల సంఖ్య, మేత, యంత్రం వరుసగా ఆధారపడి ఉంటాయి. నాలుగైదు హెక్టార్ల చెరువుకు రాత్రి విద్యుత్తు నిలకడగా ఉంటే లెక్కించి పెట్టిన రెక్కల చక్రాలు ఫలితమిస్తాయి. వంద హెక్టార్ల చెరువుకు పరిమితమైన చేపలు, తూము వద్ద ఆశ్రయ స్థలం, సకాలంలో పట్టుబడి మాత్రమే ఆచరణీయం. ఒక మీటరు, ఒక గ్రాఫు కాగితం, రెండు రాత్రి కొలతలతో మొదలయ్యే ఈ లెక్కను విద్యార్థులు క్షేత్రంలో రైతుతో కలిసి చేసినప్పుడు, ఏ చెరువుకు యంత్రం కావాలో, ఏ చెరువుకు అక్కరలేదో రైతే స్వయంగా నిర్ణయించుకోగలుగుతాడు.